ముత్యంలో పుర్రె

వజ్రాన్ని సానపట్టాలి, బంగారాన్ని కరిగించి సాగగొట్టాలి. ముత్యం మాత్రం చిప్పలోంచి నగగానే బయటికొస్తుంది. హైదరాబాద్ పత్తర్‌గట్టి దుకాణాల దాకా వచ్చిన ముత్యానికి జరిగేదల్లా వన్నె చూడటం, తూకం వెయ్యటం, బెజ్జం కొట్టటం. జపాన్ శిల్పి షింజి నకబా దానితో ఊరుకోరు. వేలికొసన నిలిచే ముత్యంలో కంటి గుంటలు, ముక్కుచోటి రంధ్రం, వరసగా పళ్లు తొలిచి పుర్రెను చేస్తారు. ఒంటిమీద పెట్టుకునే శిల్పాలంటారు తన నగల్ని.

వీటిని మన ఇళ్లలో చూపిస్తే పెద్దవాళ్లు కళ్లు మూసుకుంటారు. భద్రాచలంలో సీతారాముల తలంబ్రాల్లో కలిసే ముత్యమెక్కడ, వల్లకాట్లో పుర్రెక్కడ! కపాలమాల శివుడికి చెల్లింది గానీ పేరంటానికి వెళ్లే మెడలో అదేం ముచ్చట?

పనితనం సంగతి చూద్దాం. ముత్యం రాయి కాదు. ఆల్చిప్పలోని జీవి ఊరించిన సున్నపు పలుకులూ, వాటిని పట్టి ఉంచే ఓ మాంసకృత్తూ ఉల్లిపొరల్లా ఒకదానిమీదొకటి పేరుకున్న వస్తువు. మెత్తన. గట్టిగా నొక్కితే పెచ్చు లేస్తుంది, మర వేడెక్కితే కమురుతుంది. పొడిగా తొలిస్తే లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు కాబట్టి తడి చేసుకుంటూ పోవాలి. ఇంకో చిక్కుంది. 1893లో మికిమోతో కోకిచి అర్ధముత్యాన్ని పండించి చూపాక జపాన్‌లో ముత్యాల సాగు వేళ్లూనుకుంది. సాగు చేసిన గుండ్రటి అకోయా ముత్యంలో చాలా భాగం మనిషి లోపల పెట్టిన చిప్పపూసే. పైన మెరిసే పొర తరచు మిల్లీమీటరైనా ఉండదు. కంటిగుంట కాస్త లోతైందా, మర ఆ పూసలో దిగబడుతుంది, నిగనిగ పోతుంది. పూస లేకుండా పెరిగిన ముత్యమైతే ఎంత తొలిచినా పొర కింద పొరే. అందుకే ఈ పనిలో సగం నేర్పు ముత్యాన్ని ఎంచుకోవడంలోనే ఉంటుందని నా లెక్క.

చావును గుర్తుచేసే పుర్రె ఉంగరాలు యూరప్‌కు కొత్త కాదు, 16, 17 శతాబ్దాల్లో బంగారంతో, మీనాపనితో చేయించుకునేవారు. మన కాలంలో అందరూ చెప్పుకున్నది బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్‌స్ట్ పుర్రె. 2007లో ప్లాటినంతో పోతపోసి 8,601 వజ్రాలు పొదిగించాడు. నాకది దర్పంగానే కనబడుతుంది. అరగని వజ్రం చావు గురించి ఏం చెప్పగలదు? ముత్యానికి ఆ హక్కుంది. మన ఎముకలో కాల్షియం ఫాస్ఫేటు, ముత్యంలో కాల్షియం కార్బొనేటు. రెండూ ఓ ప్రాణి ఒంట్లో ఊరినవే, రెండూ పాడయ్యేవే. చెమట తగిలి తగిలి ముత్యం మసకబారుతుంది, పులుపు తగిలితే కరుగుతుంది. నకబా పుర్రె తను చెప్పేమాటకు తానే లోబడి, పెట్టుకున్నవాళ్లతోపాటు అరుగుతుంది.

అంతమాత్రాన ఆ అరుగుదలను తొందరపెట్టనక్కర్లేదు. సెంటు ముందు పూసుకుని, అది ఆరాక పెట్టుకోవాలి. తీశాక మెత్తటి గుడ్డతో తుడిచి, మిగతా నగలకు రాసుకోకుండా వేరే సంచిలో వెయ్యాలి.