దుప్పటి ఎత్తి చూడలేదు



మన మామ్మగారొకరు పోయినేడు పట్నంలో వృద్ధాశ్రమంలో ఉన్నారు. కూతురు కువైట్‌లో. "అయ్యగారూ, మీరు చూసి బాగుందంటేనే చేరుస్తాను" అంది. వెళ్లి చూశాను. ఫినాయిలు వాసన, తెల్లటి దుప్పట్లు, గోడ మీద వాక్యం. బాగుందమ్మా అన్నాను.

నెలకోసారి వెళ్లి ప్రార్థన చేసి వచ్చేవాణ్ణి. మర్యాద కదా అని ముందురోజు ఫోన్ చేసి మరీ వెళ్లేవాణ్ణి. నేను వెళ్లేసరికి మామ్మగారు ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వించుకుని కూర్చుని ఉండేవారు. ఎలా ఉన్నారంటే ముందు ఆయా వైపు చూసి, తర్వాత "బాగానే ఉన్నాను బాబూ" అనేవారు. ఆ చూపు ఎందుకో నేను ఆలోచించలేదు.

ఒకరోజు పెళ్లికని వెళ్లి, చెప్పకుండా నేనూ మా ఆవిడా లోపలికి వెళ్లాం. మధ్యాహ్నం మూడు. మామ్మగారు పడుకుని ఉన్నారు. నీళ్ల గ్లాసు కిటికీలో ఉంది, చెయ్యి అందదు. నాలుక ఎండిపోయింది. తాగించబోతే భయపడ్డారు. "తాగితే బాత్రూముకి తీసుకెళ్లాలి కదా బాబూ, వాళ్లు విసుక్కుంటారు" అన్నారు. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు, అంత చిక్కిపోయారు. మా ఆవిడ దుప్పటి తీసి, పక్కకి తిప్పి చూసింది. నడుం కింద రూపాయి బిళ్లంత పుండు.

మేనేజరుని అడిగితే "వయసండీ" అన్నాడు. వయసు కాదు. ప్రభుత్వాసుపత్రిలో నర్సమ్మ చెప్పింది: లేవలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. మడమలు, తుంటి, నడుం కింద రోజూ చూడాలి. ఎర్రబడినచోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు, వేడిగానో గట్టిగానో ఉందా అని తడిమి చూడాలి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదేమో చూసుకోవాలి. పగలంతా మత్తుగా ఉంటే ఏ మాత్రలు ఇస్తున్నారో చీటీ అడగాలి.

ఆయాల మీద నాకు కోపం లేదు. అంతమంది ముసలివాళ్లకి ఇద్దరే. కోపమంతా నా మీదే. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర విధవరాండ్రను పరామర్శించడం గురించి ఎన్నిసార్లు ప్రసంగించానో! పరామర్శంటే ప్రార్థన చేసి, టీ తాగి రావడమనుకున్నాను.

ఆ రాత్రే కువైట్‌కి ఫోన్ చేశాను. నేను చూసి బాగుందన్నది తప్పమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు ఆ పిల్ల. మామ్మగారిప్పుడు చెల్లెలింట్లో ఉన్నారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

మీవాళ్లు ఎక్కడైనా ఉంటే వేళకాని వేళ వెళ్లండి. ఆయా లేనప్పుడు మాట్లాడండి. అడిగేవాళ్లు లేకపోతే 14567కి ఫోన్ చేయండి, అది పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత నంబరు. ఆ ఆశ్రమంలో మన ఊరివాళ్లు ఇంకా ఇద్దరున్నారు. ఈ వారం స్త్రీల సమాజం వాళ్లు నాతో వస్తున్నారు. ఏ రోజన్నది ఇక్కడ రాయను.