ఉద్యోగం పోనివాళ్ల జబ్బు

కంపెనీ మనుషుల్ని తీసేసినప్పుడు అందరి చూపూ పెట్టె సర్దుకునేవాళ్ల మీదే ఉంటుంది. అది న్యాయమే. కానీ ఆ తర్వాత నెలల తరబడి డాక్టరు చుట్టూ తిరిగేది ఉండిపోయినవాళ్లు. మదీనాలో కాంట్రాక్టు కంపెనీల క్యాంపుల్లో ఉండే మనవాళ్లు, పాతబస్తీ, నిజామాబాద్, కడప వైపువాళ్లు, చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే: ఛాతీ పట్టేసినట్టుంది, నిద్ర పడ్తలేదు, గోలీలు మింగుతున్నా షుగర్ దిగట్లేదు. ఈసీజీ తీస్తే చాలాసార్లు ఏమీ కనబడదు. నొప్పి మాత్రం అబద్ధం కాదు. దీని మూలం పని పోవడంలో కన్నా, పోతుందో లేదో చెప్పాల్సినవాళ్లు నోరు విప్పకపోవడంలో ఉందని నేననుకుంటాను.

2016 సంగతి చూడండి. 2014 మధ్యలో బ్యారెల్ వంద డాలర్లు దాటి ఉన్న చమురు, 2016 జనవరికి ముప్పైకి దిగువన పడింది. సౌదీ ప్రభుత్వం నుంచి కాంట్రాక్టర్లకు రావాల్సిన బిల్లులు ఆగాయి. 1950లలో మదీనాలోని ప్రవక్త మసీదు, మస్జిదె నబవి విస్తరణతో పేరు తెచ్చుకున్న నిర్మాణ సంస్థ బిన్ లాదిన్ గ్రూపుకు అప్పటికే మరో దెబ్బ తగిలి ఉంది. 2015 సెప్టెంబర్ 11న మక్కాలో క్రేన్ కూలి వందమందికి పైగా చనిపోయాక, ఆ సంస్థకు కొత్త కాంట్రాక్టులు ఇవ్వవద్దని రాజు ఆదేశించారు. 2016 ఏప్రిల్ చివర్లో ఆ గ్రూపు సుమారు 50,000 మంది విదేశీ కార్మికులను తీసేసి, దేశం విడిచి వెళ్లే ఎగ్జిట్ వీసాలు కొట్టించిందని సౌదీ పత్రిక అల్ వతన్ రాసింది. నెలల జీతం బాకీ ఉంది, అది చేతిలో పడందే కదలం అన్నారు కార్మికులు. మక్కాలో ఏడు బస్సులు తగలబడ్డాయి. లోకం ఆ మంటలనే చూసింది. డాక్టరుగా నా కంటికి ఆనేది వరస: జీతం రాలేదు, ఎగ్జిట్ ముందే వచ్చింది. ఒకసారి ఆ వరస చూసినవాడికి, ఫోర్‌మన్ వచ్చి "మీకేం కాదు, పని చూసుకోండి" అన్నా అది ధైర్యంలా వినబడదు. తన వంతు దగ్గర పడిందన్నట్టే వినబడుతుంది.

ఉండిపోయినవాళ్లకు జబ్బు రావడం ఊహ కాదనడానికి ఫిన్లాండ్ లెక్కలున్నాయి. 1990ల మొదట్లో అక్కడ గట్టి మాంద్యం వచ్చి మునిసిపాలిటీలు సిబ్బందిని తగ్గించుకున్నాయి. పది పట్టణాల్లో 22,430 మంది ఉద్యోగులను ఏడున్నరేళ్లపాటు గమనించిన పరిశోధన 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 18 శాతానికి మించి కోత పడిన చోట, ఉద్యోగం నిలిచినవాళ్లలోనే, గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు కోత లేని చోటికంటే రెట్టింపయ్యాయి. మొదటి సగం కాలంలో తేడా ఇంకా ఎక్కువ. లండన్‌లో ఏం జరుగుతుందో తెలియని స్థితి మీదే చేసి 2016లో ప్రచురించిన ప్రయోగం చిన్నదే, 45 మందితో. తెర మీద రాళ్లు, రాయి కింద పాముందో లేదో చెప్పాలి, పాము బయటపడితే చేతికి కరెంటు షాకు. షాకు తప్పదని తెలిసినప్పటికన్నా, సగానికి సగం అవకాశం ఉన్నప్పుడే చెమట, ఆందోళన ఎక్కువయ్యాయి. తాడో పామో తెలియని చీకటి గురించి మనవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదే! ఆ స్థితిలో ఒంట్లో అడ్రినలిన్, కార్టిజాల్ తగ్గవు. బీపీ పెరుగుతుంది, కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూ ఉంటుంది, నిద్ర తేలిపోతుంది. మందు పనిచేయడం లేదని రోగి అనుకునేది ఇక్కడే.

జబ్బుకు వేరే కారణాలు లేవా అంటే, ఉన్నాయి. ఎండ, రాత్రి పొద్దుపోయాక తినే మెస్సు అన్నం, సిగరెట్లు. వీటిని నేను కొట్టిపారేయను. కానీ ఫిన్లాండ్ మునిసిపల్ ఉద్యోగులకు మదీనా ఎండ లేదు. సెలవు చీటీ కోసం నొప్పి నటిస్తారనే మేనేజర్లూ ఉన్నారు. ఫిన్లాండ్ లెక్కల్లో ఉన్నవి మరణాలు, మరణాన్ని ఎవరూ నటించరు. ఇంకో మాట కాస్త బరువైనది: వీళ్లు రెండేళ్ల అగ్రిమెంటు మీద వచ్చినవాళ్లు, ఏదో ఒక రోజు పోవాల్సిందేనని తెలుసు, కంపెనీ మీద నమ్మకం గురించి ఇంత చర్చ ఎందుకని. నాకైతే తిరగేసి కనిపిస్తుంది. ఊళ్లో ఉద్యోగం పోతే పోయేది జీతం. ఇక్కడ గది, మెస్సు, ఇకామా (నివాస అనుమతి), వైద్య బీమా కార్డు అన్నీ ఆ ఒక్క కంపెనీ చేతిలోనే ఉంటాయి. 2016లో జెద్దాలో సౌదీ ఓజర్ అనే నిర్మాణ కంపెనీ కార్మికులకు మొదట జీతం ఆగింది, తర్వాత మెస్సు ఆగింది. వేలమంది భారతీయులకు మన కాన్సులేట్ అన్నం పంపాల్సి వచ్చింది. ఆ కంపెనీ 2017 జులై చివర్లో మూతపడింది. ఇంత ఆధారపడ్డవాడికి యజమాని మాట కన్నా పెద్ద వార్త ఏముంటుంది?

ముందుగా చెబితే మంచి పనివాళ్లు వేరే కంపెనీ చూసుకుంటారు, సైటు ఆగిపోతుంది అనే భయం యాజమాన్యాలకు ఉంటుంది. అది నిజమే, ఆ నష్టం వాళ్లే భరించాలి. కానీ దాచినంత మాత్రాన దాగదు. క్యాంపులో సాయంత్రానికల్లా వాట్సాప్‌లో పేర్ల జాబితాలు తిరుగుతాయి, వాటిలో సగం తప్పులు. నిద్ర లేనివాడు మర్నాడు పరంజా ఎక్కుతాడు. తేదీ చెప్పడం వల్ల జబ్బు మాయమవుతుందని నేననను. అప్పున్నవాడికి అప్పుడూ నిద్ర రాదు. అయితే తేదీ తెలిసినవాడు ఇంటికి ఫోన్ చేసి షావుకారును గడువు అడగగలడు, కార్డు ఉండగానే మూడు నెలల మందులు రాయించుకోగలడు. తెలియనివాడు ఏం చేయగలడు?

అందుకే షుగర్ మందు డోసు పెంచే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. జీతం ఏ నెలదాకా పడింది? ఇకామా ఎప్పటిదాకా ఉంది? ఇకామా వచ్చే నెలతో అయిపోయేవాడికి బీమా మీద మాత్రమే కొనగలిగే ఖరీదైన మందు మొదలుపెడితే, అదీ వచ్చే నెలతో ఆగిపోతుంది.