అయ్య చెవిల డప్పు

మా ఇంట్లకు ఏదీ కొత్తగ పెట్టెతోటి రాలేదు. పటేలు కొడుకు తొడిగి ఇడిచిన అంగీ, ఎవరో చదివి అమ్మిన పుస్తకం, సంతల కొన్న పాత గొంగడి. అన్నీ ఎవరి చేతులల్లనో నలిగి మా చేతికొచ్చినవే. అందుకే 1993ల హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీల వాక్‌మన్ కొన్న రోజు నాకింకా యాదికుంది.

ఆర్నెల్లు ఆగి ఒక్కసారే వచ్చిన స్కాలర్‌షిప్పు పైసలవి. దుకాణపాయన నా చెప్పులు చూసి, "పైసలున్నయా?" అని అడిగినంకనే అద్దాల బీరువా తెరిచిండు. సోనీ వాళ్లు 1979ల జపానుల తెచ్చిన మొదటి వాక్‌మన్‌కు ఇద్దరు వినేటట్టు రెండు రంధ్రాలుండేవట. నేను కొన్నది దాని నకలు. ఒక్కటే రంధ్రం. బేరమాడితే నాలుగు వందలకు ఇచ్చిండు.

హాస్టల్ గదిల తలుపేసుకొని పెట్టెను ఒళ్లో పెట్టుకున్న. అంటించిన టేపు తెగలేదు. నాకంటె ముందు దాన్ని ఎవరూ తెరవలేదు. ఆ సంగతే తలుచుకుంట చాలాసేపు కూర్చున్న. తర్వాత బ్లేడుతోటి మెల్లగ కోసిన. లోపల తెల్లటి థర్మకోలు, కొత్త ప్లాస్టిక్ వాసన, చెవులకు మెత్తటి స్పాంజి, నడుముకు తగిలించుకునే కొక్కెం. రెండు పెన్సిల్ సెల్లులు వేసి మీట నొక్కిన. చిన్నప్పుడు పటేలు ఇంటి రేడియో వినాలంటే ప్రహరీ బయట వేపచెట్టు కింద కూసునేటోళ్లం. వాళ్లకు మనసైతే పెంచేది, కాకుంటే తగ్గించేది. ఇప్పుడు మీట నా వేలి కిందున్నది.

1985 జూలై 17న కారంచేడుల మాదిగలను చంపినంక జరిగిన సభలల్ల డప్పు మోగింది. అసొంటి ఒక సభల పట్టిన కేసెట్టు చేతులు మారి మారి నాదాక వచ్చింది. దసరా సెలవులకు దాన్ని తీసుకొని ఊరికి పోయిన.

మా అయ్య ఊరి డప్పు. పెండ్లికైనా, సావుకైనా, చాటింపుకైనా ఆయనే. జాతరల అమ్మవారి ముందు కొట్టుకుంట పోయి గుడి మెట్ల కాడ ఆగాలె. ఆయన డప్పు గుడి లోపలికి వినబడేది, ఆయన పోయేది లేదు.

వాకిట్ల మంచం మీద కూసోబెట్టి చెవులకు పెట్టిన. కాసేపు బిత్తరపోయి చూసిండు. తర్వాత వాడంతా ఇనబడేటట్టు అరిచిండు: "వీడెవడురా! సిర్ర సక్కగ పట్టలేదు. ఎడమ చేతి పుల్ల ఆగమైతంది!" అందరూ నవ్విండ్రు. ఆ నవ్వు ఆయనకు వినబడలేదు. కండ్లు మూసుకొని తొడ మీద వేళ్లతోటి దెబ్బ సరిచేస్తున్నడు.

అప్పుడే పటేలు ఇంటి జీతగాడు వాడ మొగదల నిలబడి పిలిచిండు. పటేలు తల్లి పోయిందట, డప్పు పట్టుకొని రమ్మంటున్నరట. మూడుసార్లు పిలిచిండు. ఊరి పిలుపు మా అయ్యకు వినబడకపోవుడు నేను పుట్టినంక అదే మొదలు. అవ్వ గాబరపడి ఆయన చెవులయి గుంజబోయింది. నేను అవ్వ చెయ్యి పట్టుకున్న.

"వాళ్లేమన్న అంటే నువ్వు పట్నం పోతవు. మేమీడ బతకాలె బిడ్డా" అన్నది.

నా చెయ్యి సడలింది.

అవ్వ భుజం తడితే అయ్య కండ్లు తెరిచిండు. ఒక చెవికి తీసి సంగతి ఇన్నడు.

"ఎంతసేపుంటదిరా ఇది?"

"ఒక పక్క అరగంట. సగమైందయ్యా."

"ఈ పక్క అయిపోనియ్యి. వస్తనని చెప్పు" అని మళ్ల పెట్టుకున్నడు.

పావుగంట, అంతే. తర్వాత లేచి, డప్పు మంటకు కాపుకొని పోయిండు. ఆలస్యమైందని పంటకాలంల మాకు రావాల్సిన మేరల కుంచెడు వడ్లు కోసుకున్నరు. అవ్వ ఏడ్చింది. అయ్య మాత్రం, "ఆ కుంచెడు నా పాటకు పెట్టిన అనుకో" అన్నడు.

అయ్య ఇప్పుడు లేడు. జపానుల కేసెట్ వాక్‌మన్ తయారు చేసుడు సోనీ 2010ల బంద్ చేసింది. నాదాని లోపలి రబ్బరు బెల్టు అంతకు ముందే తెగింది. దాంట్ల వినుడే గాని పట్టుడు లేకుండె. రికార్డు చేసేది కొందమనుకుంటనే ఏండ్లు గడిచినయి. సభలల్ల ఎవరెవరి డప్పులో కేసెట్లల్ల మిగిలినయి, అయ్య దెబ్బ ఒక్కదాంట్లనూ లేదు. వాక్‌మన్ వచ్చిన పెట్టె ఇంకా మా అటక మీదున్నది.