అంతరిక్షంలో ఒక గోడ, మన హాస్టల్లో ఒక గోడ

పురావస్తు శాస్త్రం అనగానే పలుగూ పారా పట్టుకుని నేల తవ్వడమే గుర్తుకొస్తుంది. హరప్పా, నాగార్జునకొండ పాఠాలు అలాగే చదువుకున్నాం. అయితే భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున, పిడికెడు మట్టి కూడా లేని చోట ఈ శాస్త్రం పని చేస్తోందంటే ఆశ్చర్యం కాదా!

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి ఎడతెగకుండా మనుషులు ఉంటున్నారు. వారి జీవితాన్ని వస్తువులను బట్టి తెలుసుకోవాలని జస్టిన్ వాల్ష్, ఆలిస్ గోర్మన్ అనే పురావస్తు శాస్త్రవేత్తలు 2015లో పూనుకున్నారు. తాము అక్కడికి వెళ్లలేరు. అందుకని 2022 జనవరిలో వ్యోమగాములే ఆరు చోట్ల సుమారు మీటరు చదరం చొప్పున టేపుతో గుర్తు పెట్టి, 60 రోజులు రోజూ ఫొటోలు తీశారు. తవ్వకంలో ఒక్కో పొర ఒక్కో కాలాన్ని చూపినట్టు, ఇక్కడ ఒక్కో రోజు ఫొటో ఒక్కో పొర అన్నమాట.

రెండు చోట్ల ఫలితాలు 2024లో వెలువడ్డాయి. మరమ్మతులకని కేటాయించిన చోట మరమ్మతులు జరిగింది చాలా తక్కువ. అది సామాన్లు తగిలించుకునే గోడగా మారింది. మరుగుదొడ్డి దగ్గర ఏ పనికీ కేటాయించని గోడకు స్నానపు సామాన్ల సంచులు చేరాయి. వాటికంటూ ఎవరూ చోటు చూపలేదు మరి!

ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మన స్నానాల గదిలోనూ అలమర లేదు. సబ్బుపెట్టెలు, బ్రష్షులు కిటికీ గట్టెక్కేవి. బట్టల ట్రంకుపెట్టె స్టడీ అవర్లో బల్ల అయ్యేది. భవనం ప్లాను గీసినవారికి ఇవేవీ తెలియవు. రష్యా విభాగం గోడ మీద గగారిన్ ఫొటో, మతపరమైన పటాలు ఉంటాయట. మన గోడ మీద అంబేద్కర్ ఫొటో, పక్కనే సినిమా హీరో, అమ్మ ఇచ్చిన దేవుడి పటం ఉండేవి.

అంతరిక్ష కేంద్రంలో వస్తువులకు లెక్క ఉంది. మనకేముంది? రిజిస్టర్లలో హాజరు, బియ్యం కిలోలు ఉంటాయి. వంద మంది పిల్లలు ఆ గదుల్లో ఎలా సర్దుకుని బతికారో, ఎలా చదివి పైకొచ్చారో ఎక్కడా ఉండదు. కూలి చేసిన మన తాతల గిన్నె, కర్ర ఏ మ్యూజియంలోనూ లేవు. గోడ మీద మన పేర్లు సున్నం వేసినప్పుడల్లా చెరిగిపోతాయి.

తమ్ముళ్లారా! ఈసారి సున్నం వేయకముందే మీ గదిలో ఒక మీటరు గోడను ఎంచుకోండి. 60 రోజులు రోజూ ఫొటో తీసి, తేదీ రాసి పెట్టండి. వచ్చే వార్షికోత్సవ సంచికలో అవి అచ్చవ్వాలి. మన చరిత్రను మనమే రాసుకుందాం.