తపసి చెట్టుకు గాటు, తక్కెడలో తప్పు

గుగ్గిలమూ సాంబ్రాణీ నిప్పుల మీద పడితే పొగలెత్తి గుబాళిస్తాయి. తపసి బంక ఆ కోవది కాదు. నీళ్లలో వేస్తే పూర్తిగా కరగదు, ఉబ్బి జిగురు ముద్దవుతుంది. పైగా కాస్త వెనిగర్ వాసన. పూజగదికి పనికిరాని ఈ గుణమే దాన్ని సముద్రాలు దాటించింది. కట్టుడు పళ్లను చిగుళ్లకు పట్టి ఉంచే పొడిలో, సుఖవిరేచనపు మందుల్లో, ఆహారాన్ని చిక్కబరిచే పదార్థాల్లో అది ఉంటుంది. నల్లమలలో, తూర్పు కనుమల రాతిగుట్టల మీద ఆకులు రాల్చి తెల్లటి మానుతో నిలబడే చెట్టుకు గాటు పెట్టి చెంచులు, కోయలు, కొండరెడ్లు తీసే బంక ఇది. గాయం చేస్తే తప్ప రాదు కనుక బంక తీయడమే మాన్పించాలంటారు కొందరు. అలా నిషేధించిన సందర్భాలూ ఉన్నాయి. నేను మాత్రం తప్పు గొడ్డలిలో కన్నా తక్కెడలోనే ఎక్కువ ఉందంటాను.

కట్టెలు కొట్టే గొడ్డలితో నరికితే గాటు బెరడు దాటి కర్రలోకి దిగుతుంది. అది మానదు, పుచ్చు పడుతుంది, గాలివానకు మాను విరుగుతుంది. చిన్న పనిముట్టుతో బెరడు మేరకే చెక్కి, కాస్త ఎడమిచ్చి మళ్లీ అంచు చెక్కితే గాయం పూడుతుంది. బంకా తేటగా, బెరడు ముక్కలు అంటకుండా వస్తుంది. తెల్లటి ఉండలకు ఒక ధర, నల్లబడిన చెత్తబంకకు మరో ధర ఇస్తే ఓపికగా చెక్కినవాడికి గిట్టుబాటవుతుంది. అంతా ఒకే తూకం, ఒకే రేటు అంటే లోతుగా నరికినవాడే తెలివైనవాడు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ లాంటి కొనుగోలుదారు అవసరం ఇక్కడే. సంతలో దళారి అంత శ్రద్ధగా రకాలు ఏరుతూ కూర్చోడు.

మంచి ధర వస్తే మరింత గీస్తారు కదా అన్న ఆక్షేపణ కొట్టిపారేసేది కాదు. చెట్టు ఎవరిదీ కానప్పుడు అది నిజమే: ఈరోజు నేను వదిలింది రేపు ఇంకొకడు తీస్తాడు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై గిరిజనులకు యాజమాన్య హక్కును గుర్తించింది. ఏ గూడెం ఏ గుట్టకు కాపో తేలితే వచ్చే ఏటి బంక కోసం ఈ ఏడు చెట్టును వదిలే లెక్క కుదురుతుంది. కొత్త మొక్కల సంగతి వేరు. తపసి గింజలు వేయించుకు తినేవే. అలా పోగా మొలిచినవాటిని కార్చిచ్చు, పశువులు మిగలనివ్వవు. ఆ లోటు ధర ఒక్కటే తీర్చలేదు. నాటడం, మంట రాకుండా చూడడం అటవీశాఖ పని.