బాకా మీద లండన్ చిరునామా

లండన్‌లో ఉండే పిల్లల దగ్గరికి వెళ్తున్నామంటే చాలు, ఊళ్లో అందరూ తలో పొట్లం తెచ్చిస్తారు. గోంగూర పచ్చడి, కందిపొడి, ఎవరి మనవరాలికో పట్టీలు. ఈసారి వాటితోపాటు నా సంచీలో ఓ కాగితం కూడా ఉంది. తెనాలిలో మా వీధి చివర ఉండే బ్యాండు మేస్త్రీ గారిచ్చిన కాగితమది.

ఆయన తాతగారి కార్నెట్ మీద చెక్కిన అక్షరాలవి. కార్నెట్ అంటే ట్రంపెట్‌కు పొట్టి తమ్ముడనుకోండి. ఫోన్లో ఫొటో తీస్తే ఇత్తడి మెరుపు తప్ప అక్షరం కనిపించలేదు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టు పెన్సిల్‌తో రుద్దితే ‘బూసీ అండ్ హాక్స్, 295 రీజెంట్ స్ట్రీట్, లండన్’ అని తేలింది. మీటల పక్కనున్న నెంబరు మాత్రం సగం అరిగిపోయింది.

ఢిల్లీ దర్బారు జరిగిన 1911లో ఓ జమీందారు గారు దాన్ని తాతకు బహూకరించారని ఆ ఇంట్లో చెప్పుకుంటారు. వాళ్ల విజిటింగ్ కార్డు మీద కూడా ‘1911 నుంచి’ అని అచ్చువేసి ఉంటుంది. ‘‘ఆ సంగతి ఖాయం చేసుకురండి మాస్టారూ, మనవడికి చెప్పుకోవాలి’’ అన్నారు మేస్త్రీ గారు.

మా అమ్మాయితో కలిసి ముందు రీజెంట్ స్ట్రీట్‌కే వెళ్లాను. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ స్టేషన్లో దిగి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే 295 నెంబరు. ఇంకొంచెం ముందుకెళ్తే బీబీసీ భవనం. బూసీ కంపెనీ 1874లో ఈ చిరునామాకు వచ్చింది. ఇప్పుడక్కడ బాకా కాదుకదా, పీపీ కూడా దొరకదు. ఎర్ర బస్సులు చూసి వెనక్కి తిరిగాం.

అసలు సంగతి హార్నిమన్ మ్యూజియంలో దొరికింది. లండన్ బ్రిడ్జి నుంచి రైల్లో ఫారెస్ట్ హిల్ చేరి, కాస్త గుట్టెక్కాలి. తేయాకు వ్యాపారి ఫ్రెడరిక్ హార్నిమన్ 1901లో జనానికి రాసిచ్చిన మ్యూజియమిది. బూసీ అండ్ హాక్స్ వాళ్లు తరతరాలుగా దాచుకున్న వాయిద్యాలూ, ఏ నెంబరు బాకా ఎప్పుడు తయారైందో రాసుకున్న కార్ఖానా పుస్తకాలూ 2004లో ఇక్కడికే చేరాయి. నెంబరు పూర్తిగా ఉంటే వాటిని చూడ్డానికి అర్జీ పెట్టుకునేవాణ్ని. సగం నెంబరుతో ఏం అడగను?

అందుకే గాజు బీరువాల ముందు నిలబడి బాకాల మూతుల మీది పేర్లు చదువుతూ పోయాను. పాత బాకాకు పేరే జాతకం. ‘డిస్టిన్’ అని ఒక కంపెనీ ఉండేది. దాన్ని 1868లో బూసీ కొనేసింది. ‘కాంపెన్సేటింగ్ పిస్టన్స్’ అని ఉంటే 1874కు ముందుది కాదు, ఎందుకంటే బూసీ కంపెనీలో పనిచేసిన డేవిడ్ బ్లెయిక్లీ ఆ ఏడాదే దానికి పేటెంటు తీసుకున్నాడు. బెసన్ అనే మరో కంపెనీదైతే పెద్ద హడావుడి. మన మిఠాయి డబ్బాల మీద పతకాల బొమ్మల్లాగా, ప్రదర్శనల్లో తనకొచ్చిన పతకాల చిట్టా అంతా బాకా మీద చెక్కించేది. చిట్టా ఎంత పొడుగైతే బాకా అంత కొత్తదన్నమాట!

ఇక ‘బూసీ అండ్ కో’ అని ఒకటి, ‘హాక్స్ అండ్ సన్’ అని మరొకటి. ఈ రెండూ వేర్వేరు కంపెనీలు, పోటీదారులు. 1930లో కలిసిపోయాయి. అక్కడ నా కాళ్లు ఆగిపోయాయి. మేస్త్రీ గారి కాగితం మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. అంటే ఆ కార్నెట్ 1930 తర్వాతదే. ఢిల్లీ దర్బారు నాటికి ఆ పేరుతో కంపెనీయే లేదు!

ఆ మాట ఆయనకెలా చెప్పాలి? ‘నెంబరు సరిగ్గా పడలేదండీ’ అని తప్పించుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు. మా అమ్మాయి మాత్రం ‘‘చెప్పెయ్ నాన్నా, ఆయన అడిగింది నిజమేగా’’ అంది. రాత్రి ఫోన్ చేసి చెప్పేశాను.

అటువైపు కాసేపు మాటలేదు. ‘‘మరి 1911లో మా తాత ఏం వాయించుంటాడంటారు?’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మాట మార్చి శ్రుతి సంగతి ఎత్తాను. ఇప్పుడు అందరూ సెకనుకు 440 కంపనాల స్వరానికి శ్రుతి చేసుకుంటారు. ఇంగ్లండు బ్యాండ్లు 1960ల దాకా 452 దగ్గర వాయించేవి. అంటే అరస్వరంలో సగం మేర ఎక్కువ. ఆ రోజుల్లో చాలా బాకాలను ఆ శ్రుతికే చేసేవారు. మీదీ ఆ రకమే కావచ్చు, స్లయిడ్ కాస్త బయటికి లాగి చూడండి అన్నాను.

‘‘ఆఁ! పోయిన మాఘంలో పెళ్లిలో ఆ కీబోర్డు కుర్రాడు నలుగురిలో నాకు శ్రుతి జ్ఞానం లేదన్నాడు మాస్టారూ! ఇంకోసారి చెప్పండి, ఎంతన్నారూ... 452నా? ఉండండి, రాసుకుంటాను.’’

కార్డు మీది ఏడాదిని ఏం చేస్తారని నేనడగలేదు.