కొలువు వదలని గ్రౌప్నర్

జర్మనీలోని మా డార్మ్‌స్టాట్ నడిబొడ్డున హెస్సే ప్రభువుల కోట ఉంది. క్రిస్టాఫ్ గ్రౌప్నర్ అనే ఆస్థాన సంగీతకారుడు యాభై ఏళ్లపాటు ఆ కొలువులోనే ఉండిపోయాడు. ఉద్యోగానికి ఈ ఊరొచ్చేదాకా నేను ఆ పేరే వినలేదు. ఇప్పుడు ఆయన సంగీతం లేకపోతే నాకు ఆదివారం గడవదు.

1683లో సాక్సనీలో పుట్టాడు. లైప్‌జిగ్‌లో కూనౌ శిష్యరికం చేసి, హాంబర్గ్ ఒపెరాలో హార్ప్సికార్డ్ వాయించి, 1709లో ప్రభువు ఎర్నెస్ట్ లుడ్విగ్ పిలుపు మీద ఇక్కడికి చేరాడు. ప్రభువుకు ఒపెరా అంటే ప్రాణం, ఖజానా మాత్రం ఖాళీ. కొన్నేళ్లకే ఒపెరా మూతపడింది, జీతాలూ బకాయి పడ్డాయి. గురువు కూనౌ పోయాక, ఖాళీ అయిన ఆయన చర్చి సంగీతాధికారి పదవికి లైప్‌జిగ్ వాళ్లు ముందు సంగీతకారుడు టెలిమాన్‌ను, ఆయన కాదన్నాక గ్రౌప్నర్‌ను కోరుకున్నారు. ప్రభువు జీతం పెంచాడే గాని వదిలిపెట్టలేదు. అప్పుడు గ్రౌప్నర్ బాఖ్‌ను మెచ్చుకుంటూ లైప్‌జిగ్‌కు ఉత్తరం రాశాడు. 1723లో ఆ పదవి బాఖ్‌కు దక్కింది.

ఈ ఊళ్లోనూ ఆయన్ని ఈ ఒక్క కథతోనే పరిచయం చేస్తుంటే నాకు బాధేస్తుంది. 1,400కు పైగా చర్చి కాంటాటాలు, 113 సింఫనీలు రాసిన మనిషి! క్లారినెట్‌కు పూర్వరూపమైన షాలుమో అంటే ఆయనకు మక్కువ. ఆ మెత్తని, కాస్త బొంగురు నాదం గాయకుడి గొంతును అంటిపెట్టుకుని నడుస్తుంటే, పక్కన ఎవరో మెల్లగా ఊరడిస్తున్నట్టు ఉంటుంది.

1754 నాటికి చూపు పోయింది, 1760లో కన్నుమూశాడు. రాతప్రతులు మావంటే మావని వారసులూ ప్రభువుల వంశమూ తగువులాడుకున్నారు. 1819లో అవి ప్రభువులవేనని తేలింది. అన్నేళ్లూ అచ్చుకు నోచుకోలేదు, అలాగే చెల్లాచెదురూ కాలేదు. మన త్యాగరాజు కీర్తనలను శిష్యుల గొంతులు నిలిపాయి. గ్రౌప్నర్‌ను పాడుకుంటూ వచ్చిన పరంపర లేదు, ఆయన్ని నిలిపింది కాగితమే. 1944 సెప్టెంబరు బాంబుదాడిలో ఊరూ కోటా తగలబడినా ఆ కాగితాలు దక్కాయి. ఇప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది.

కొత్తగా వినేవాళ్లు 1749 నాటి సింఫనీతో మొదలుపెట్టండి. అందులో రెండు హారన్లూ, ఆరు టింపనీ భేరీలూ ఉంటాయి. భేరీలను చప్పుడుకు కాదు, రాగం పలికించడానికి వాడాడు. అది విన్నాక బాఖ్ ప్రస్తావన లేకుండానే గ్రౌప్నర్ గురించి మాట్లాడుకోవచ్చు.